స్ప్రేయర్ నాబ్ వెనక లెక్క

అనంతపురం వైపు శెనక్కాయ చేలల్లో మందు కొట్టడానికి వాడే బ్యాటరీ స్ప్రేయర్‌లో ఉండేవి 12 వోల్టుల బ్యాటరీ, చిన్న డీసీ మోటారు పంపు, తిప్పడానికి ఒక నాబ్. నాబ్ వెనక్కి తిప్పితే ధార తగ్గుతుంది. బ్యాటరీ మాత్రం అదే 12 వోల్టులు ఇస్తుంటుంది. మరి మోటారు ఎలా నెమ్మదించింది?

దారిలో రెసిస్టర్ పెట్టి కరెంటును అడ్డుకోవచ్చు. ఫ్యాన్ల పాత పెట్టె రెగ్యులేటర్లు వేడెక్కేది అందుకే. మోటారు 2 ఆంపియర్లు లాగుతుంటే, రెసిస్టర్ దగ్గర 6 వోల్టులు పోతే, 12 వాట్లు ఉత్త వేడి అయిపోతాయి. మోటారుకు దక్కేదీ అంతే. ఎండలో వీపున మోసే బ్యాటరీలో సగం ఇలా కాలిపోవడం అన్యాయం.

పీడబ్ల్యూఎం (పల్స్ విడ్త్ మాడ్యులేషన్) పద్ధతిలో కరెంటును అడ్డుకోరు. పూర్తిగా ఇస్తారు, పూర్తిగా ఆపేస్తారు, సెకనుకు వేల సార్లు. ఒక్కో విడతలో ఇచ్చిన వాటా సగమైతే మోటారుకు సగటున 6 వోల్టులు అందినట్టు.

ప్రోగ్రాం రాసి నడిపించే చిన్న బోర్డు ఆర్డుయినో ఊనో. దాని మీది ఏటీమెగా328పీ చిప్‌తో ఈ పని నేర్చుకోవచ్చు. ఆ చిప్ క్లాక్ సెకనుకు 1.6 కోట్ల టిక్కులు కొడుతుంది. లోపలి టైమర్ 0 నుంచి 799 దాకా లెక్కపెట్టి మళ్లీ సున్నాకు వచ్చేలా పెడితే, సెకనుకు సరిగ్గా 20,000 విడతలు. టైమర్ తన లెక్కతో పోల్చి చూసుకునే అంకె ఉండే చోటు (రిజిస్టర్) లో 399 రాస్తే, లెక్క అక్కడికి చేరేదాకా చిప్ పిన్ 5 వోల్టుల మీద ఉంటుంది, ఆ తర్వాత సున్నా. 199 రాస్తే పావు వంతు. ఒకసారి చెప్పాక టైమర్ తన పని తాను చేసుకుపోతుంది, ప్రోగ్రాం వేరే పని చూసుకోవచ్చు. ఊనోలో మామూలుగా వచ్చే 490 హెర్ట్జ్ (సెకనుకు 490 విడతలు) దగ్గర మోటారు కూత పెడుతుంది. 20,000 దగ్గర అది మన చెవికి అందదు.

చిప్ చేసేది లెక్కపెట్టడమే. సగటు తీసేది మోటారు. దాని కాయిల్‌లో కరెంటు ఒక్కసారిగా పెరగదు, ఒక్కసారిగా ఆగదు. మోటారుకు కరెంటు ఇచ్చే స్విచ్ ఆపిన క్షణంలో కూడా ఆ కరెంటుకు దారి కావాలి, అందుకే మోటారు రెండు వైర్ల మధ్య డయోడ్ (కరెంటును ఒక దిక్కుకే పోనిచ్చే భాగం) పెట్టాలి. అది మరిచిపోతే వోల్టేజ్ ఎగసి స్విచ్ కాలిపోవచ్చు.

ఆ స్విచ్ మోస్‌ఫెట్, అంటే పిన్ ఇచ్చే వోల్టేజ్‌తో మోటారు కరెంటును వేసి ఆపే ట్రాన్సిస్టర్. పిన్ నుంచి 20 మిల్లీ ఆంపియర్లకు మించి లాగకూడదు కాబట్టి మోటారును నేరుగా తగిలించకూడదు. షాపులో ఐఆర్‌ఎల్‌జెడ్44ఎన్ అని అడగండి. ఐఆర్‌ఎఫ్‌జెడ్44ఎన్ కూడా చూడటానికి అచ్చం అలాగే ఉంటుంది, కానీ దాని గేటుకు (పిన్ నుంచి వోల్టేజ్ అందుకునే కాలుకు) 10 వోల్టులు కావాలి. చిప్ ఇచ్చే 5 వోల్టులకు సగం సగం తెరుచుకుని సలసల కాగుతుంది. ఆ ఒక్క అక్షరం చూసి కొనాలి.

వాటా మరీ తగ్గిస్తే పంపు కదలకుండా మూలుగుతుంది, ఆగిన మోటారును కదిలించడానికి ఎక్కువ బలం కావాలి మరి. అందుకని ముందు క్షణంపాటు నూరు శాతం ఇచ్చి, తిరగడం మొదలయ్యాక తగ్గించేలా ప్రోగ్రాంలో రాసుకోవాలి.