ఎక్స్‌రేలో మచ్చ ఉంటే టీబీయేనా? మన జిల్లాలో ఈ అలవాటు ఎక్కడిది

చిత్తూరు వైపు దగ్గు తగ్గక ఎక్స్‌రే తీయిస్తే, అందులో మచ్చ కనబడగానే ముందు వినిపించే మాట టీబీ. ఆ అనుమానం ఊరికే రాలేదు. అప్పటి చిత్తూరు జిల్లాలో, మదనపల్లె పక్కన ఆరోగ్యవరంలో 1915లోనే టీబీ శానిటోరియం వెలిసింది. డెన్మార్క్ నుంచి వచ్చిన డాక్టర్ ఫ్రిమోట్ మోలర్ దాన్ని నడిపారు. అప్పటికి టీబీకి మందే లేదు, మంచి గాలి, తిండి, విశ్రాంతి, అంతే. స్ట్రెప్టోమైసిన్ 1940ల్లో గానీ రాలేదు. ఇన్ని తరాలు ఆ జబ్బుతో వేగిన చోట డాక్టర్లు ముందు దాన్నే వెతకడం న్యాయమే.

చిక్కంతా కళ్లె పరీక్షలో ఏమీ దొరకనప్పుడు. మైక్రోస్కోపులో టీబీ క్రిములు కనబడాలంటే మిల్లీలీటరుకు సుమారు 5 వేల నుంచి 10 వేలు ఉండాలి, అందుకే కళ్లెలో లేకపోయినా మచ్చను చూసి మందులు మొదలుపెట్టడం మామూలైపోయింది. అరుదైన గడ్డలు దాక్కునేది సరిగ్గా అక్కడే.

కార్సినాయిడ్‌నే తీసుకోండి. ఆ పేరు 1907లో జర్మన్ పాథాలజిస్టు ఓబెర్న్‌డోర్ఫర్ పేగుల్లోని గడ్డలకు పెట్టారు, ఊపిరితిత్తుల్లోనూ అలాంటివే వస్తాయి, అక్కడి గడ్డల్లో నూటికి ఒకటో రెండో. సిగరెట్ ముట్టనివాళ్లకూ, వయసులో ఉన్నవాళ్లకూ వస్తుంది. శ్వాసనాళంలో మెల్లగా పెరుగుతూ పిల్లికూతలు పుట్టిస్తుంది కాబట్టి ఏళ్ల తరబడి ఆస్తమా అనుకుని ఇన్హేలర్ వాడేవాళ్లుంటారు. నాళం మూసుకుపోతే అదే చోట మళ్లీ మళ్లీ నిమ్ము చేస్తుంది, కళ్లెలో రక్తం పడితే టీబీ అంటారు. పైన పొర కప్పి ఉండడంతో కళ్లెలో దాని కణాలు సాధారణంగా రాలవు. ఇంకో రకం కేన్సర్ అచ్చం నిమ్ములాగే కనిపించి, యాంటీబయాటిక్స్ ఎన్ని మార్చినా కరగదు.

తేల్చేది ముక్క పరీక్షే (బయాప్సీ), గడ్డలోంచి చిన్న ముక్క తీసి చూడడం. ఆ ముక్క తీయాలంటే లోపలికి చూడగలగాలి: జర్మన్ డాక్టర్ కిలియన్ 1897లోనే గట్టి గొట్టంతో శ్వాసనాళంలోకి చూశారు, వంగే బ్రాంకోస్కోప్‌ను జపాన్ డాక్టర్ ఇకెడా 1960ల్లో తెచ్చారు, సీటీ స్కాన్ 1971లో మొదలైంది. మనవాళ్లు మాత్రం చాలాకాలం ఇలాంటివాటికి రాయవేలూరు సీఎంసీ ఆసుపత్రికి బస్సెక్కాల్సి వచ్చింది. తిరుపతిలో స్విమ్స్ ఆసుపత్రి 1993లో, టాటా ట్రస్టుల కేన్సర్ ఆసుపత్రి 2022లో మొదలయ్యాక ఆ దూరం తగ్గింది.

కాబట్టి అడగండి: సీబీనాట్‌లో (కళ్లెలో టీబీ క్రిమి జన్యువును వెతికే పరీక్ష) టీబీ తేలిందా, లేక మచ్చను చూసే మందులిస్తున్నారా? రెండు నెలలు వాడినా మచ్చ అలాగే ఉంటే, పెరిగితే, అది మందులకు లొంగని టీబీ కావచ్చు, ఫంగస్ కావచ్చు, గడ్డ కావచ్చు. పిల్లికూత ఒకవైపే వినబడుతుంటే సీటీ, బ్రాంకోస్కోపీ గురించి గట్టిగా అడగండి. ఆ జవాబు వచ్చేదాకా టీబీ మందులు మాత్రం మీ అంతట మీరు ఆపకండి.