'టింగ్' చప్పుడు వెనక: యుద్ధ సినిమాలు, పాత సైనిక తుపాకుల మోజు

ఎనిమిదో తూటా పేలగానే, తూటాలను పట్టి ఉంచిన ఖాళీ క్లిప్పు పైకి ఎగిరి 'టింగ్' మంటుంది. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైనికులు మోసిన ఎం1 గారండ్ రైఫిల్ పేరు వినని వాళ్లకు కూడా ఆ చప్పుడు పరిచయమే. 1998 జులైలో 'సేవింగ్ ప్రైవేట్ ర్యాన్' విడుదలైంది. 2001 సెప్టెంబరులో 'బ్యాండ్ ఆఫ్ బ్రదర్స్' టీవీకి వచ్చింది. అప్పటిదాకా మాజీ సైనికులు, గురి పోటీలకు వెళ్లేవాళ్లు ఎక్కువగా పట్టించుకున్న ఆ రైఫిల్ కోసం అమెరికాలో కొత్త తరం బయల్దేరింది.

ఇక్కడితో ఆపి 'అంతా సినిమా మహిమ' అనేస్తే కథ సగమే చెప్పినట్టు. యుద్ధ సినిమాలు అంతకుముందూ బోలెడు వచ్చాయి, బాగా ఆడాయి కూడా. తెర మీద చూసి కావాలనిపించడం ఒక ఎత్తు, కావాలన్నప్పుడు కొనడానికి దొరకడం మరో ఎత్తు. ఏ దేశపు గిడ్డంగి ఎప్పుడు తెరుచుకుంది, ఏ చట్టం ఏ దారి మూసింది అన్నది చూస్తేనే ఏ సినిమాకు ఏ తుపాకీ గిరాకీ అయిందో అర్థమవుతుంది.

గారండ్ సంగతే చూడండి. స్ప్రింగ్‌ఫీల్డ్ ఆర్మరీలో జాన్ గారండ్ రూపొందించిన ఈ రైఫిల్‌ను అమెరికా సైన్యం 1936లో తీసుకుంది. బరువు దాదాపు 4.3 కిలోలు. 1957లో తయారీ ఆగేసరికి 50 లక్షలకు పైగా తయారయ్యాయి. యుద్ధం ముగిశాక లక్షల కొద్దీ రైఫిళ్లు అప్పుగానో సాయంగానో కొరియా, డెన్మార్క్, గ్రీస్, ఫిలిప్పీన్స్ వంటి దేశాలకు వెళ్లిపోయాయి. 1968లో అమెరికా కాంగ్రెస్ తుపాకుల నియంత్రణ చట్టం చేసి, విదేశాల నుంచి మిగులు సైనిక తుపాకుల దిగుమతిని ఆపేసింది. అలా బయటికి వెళ్లిన సరుకు బయటే ఉండిపోయింది. 1984లో ఒక సవరణ 'క్యూరియో అండ్ రెలిక్' కింద గుర్తించిన పాత తుపాకులకు దారి తెరిచింది. తయారై 50 ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉన్నవి మామూలుగా ఆ లెక్కలోకి వస్తాయి. వాటిని కొనుక్కునే సేకర్తలకు మూడేళ్లకు 30 డాలర్ల లైసెన్సు ఉంది. ఆ తర్వాతే కొరియా నుంచి గారండ్‌లు తిరిగి రావడం మొదలైంది. ఆనాటి దిగుమతిదారు ముద్ర గొట్టం మీద ఉన్న రైఫిళ్లు ఇప్పటికీ చేతులు మారుతుంటాయి. ఆ ముద్ర ఉంటే సేకర్తలు ధర తగ్గించి అడుగుతారు.

అసలు మలుపు 1996. అప్పటిదాకా సైన్యం నడిపిన పౌర గురి శిక్షణ పథకాన్ని కాంగ్రెస్ ఒక లాభాపేక్ష లేని సంస్థకు అప్పగించింది. దాన్నే సీఎంపీ (సివిలియన్ మార్క్స్‌మన్‌షిప్ ప్రోగ్రామ్) అంటారు. సైన్యం దగ్గర మిగిలిన గారండ్‌లను అర్హులకు అమ్మే అధికారం దానికి వచ్చింది. కొనేవాళ్లు అమెరికా పౌరులై ఉండాలి, అనుబంధ క్లబ్బులో సభ్యత్వం ఉండాలి, గురి కార్యక్రమంలో పాల్గొన్న రుజువు చూపాలి. అంటే సినిమా వచ్చేనాటికి రెండేళ్ల ముందే దుకాణం సిద్ధంగా ఉంది. ఆ సినిమానే 1975లో వచ్చి ఉంటే చూసినవాళ్లు చప్పట్లు కొట్టి ఇంటికి వెళ్లేవాళ్లు.

తెర మీది రైఫిల్, పెట్టెలోంచి వచ్చిన రైఫిల్

కొత్తగా వచ్చిన వాళ్లకు కావలసింది 1944 జూన్‌లో నార్మండీ ఒడ్డున దిగిన రైఫిల్. వాళ్లకు అందింది మూడు నాలుగు సార్లు విప్పి బిగించిన రైఫిల్. యుద్ధం తర్వాత సైనిక వర్క్‌షాపుల్లో గారండ్‌లను పూర్తిగా ఊడదీసి, భాగాలను కుప్పలుగా పోసి, పనికొచ్చే ముక్కను పనికొచ్చే రిసీవర్‌కు తగిలించేవాళ్లు. గొట్టం, బోల్టు వంటివన్నీ బిగించే మూలభాగమే రిసీవర్. ఏ ముక్క ఏ రైఫిల్‌దన్న పట్టింపు వాళ్లకు లేదు, ఉండాల్సిన అవసరమూ లేదు. అందుకని 1943 నాటి రిసీవర్ మీద 1950ల గొట్టం, వించెస్టర్ కంపెనీ బోల్టు (తూటాను గొట్టంలోకి తోసి మూసే భాగం), ఇంకెక్కడిదో ట్రిగ్గర్ భాగాల పెట్టె కలిసి కనిపించడం మామూలే.

గుర్తుపట్టడానికి నాలుగు చోట్ల చూస్తే చాలావరకు తేలిపోతుంది. మొదటిది వెనక గురి, అంటే గురి చూడటానికి రైఫిల్ వెనకపక్క ఉండే అమరిక. యుద్ధకాలంలో దాని కుడిపక్క మరకు ఒక అడ్డ పట్టీ ఉండేది, సేకర్తలు దాన్ని 'లాక్ బార్' అంటారు. యుద్ధం తర్వాత టీ105 రకం గుండ్రటి మరలు వచ్చి దాదాపు అన్ని రైఫిళ్లకూ పడ్డాయి. రెండోది ఆపరేటింగ్ రాడ్, అంటే పేలినప్పుడు వచ్చే వాయువుతో వెనక్కి జరిగి బోల్టును ఆడించే కడ్డీ. పాత రాడ్‌లో హ్యాండిల్ దగ్గర మూల చతురస్రంగా ఉండేది. పేలినప్పుడల్లా ఒత్తిడంతా ఆ మూల మీదే పడి పగుళ్లు రావడంతో తర్వాత అక్కడ చిన్న గుండ్రటి గాడి కోశారు. కోత పడని రాడ్ ఇప్పుడు అరుదు కాబట్టి ఖరీదు, అయితే పగిలేదీ అదే. మూడోది గొట్టం. బోల్టు వెనక్కి లాగి కుడివైపు చూస్తే నెల, సంవత్సరం కొట్టి ఉంటాయి. అది రిసీవర్ కంటే ఏళ్ల తరబడి తర్వాతిదైతే గొట్టం మార్చారన్నమాట. నాలుగోది కర్ర మీది ముద్ర. స్ప్రింగ్‌ఫీల్డ్‌లో యుద్ధకాలంలో తనిఖీ అధికారి పొడి అక్షరాలు, పక్కనే అడ్డంగా పెట్టిన రెండు ఫిరంగుల గుర్తు కొట్టేవాళ్లు. మరమ్మతు డిపోలు వాటి పక్కన తమ ముద్రలు వేశాయి.

ఇక్కడే సినిమా ప్రభావం మార్కెట్టును వంకర తిప్పింది. కలగాపులగం రైఫిల్‌ను 1944 నాటిదిగా 'సరిదిద్దే' పని జోరందుకుంది. టీ105 గురి తీసేసి లాక్ బార్ పెట్టడం, కోత లేని రాడ్ వెతికి తగిలించడం, ఆ సంవత్సరపు గొట్టం కోసం తిరగడం. ఇదంతా చెప్పి అమ్మితే తప్పేం లేదు. చిక్కల్లా చెప్పకుండా అమ్మినప్పుడే. లాక్ బార్ నకళ్లు తయారయ్యాయి. కోసిన రాడ్‌కు వెల్డింగుతో మూల నింపి 'కోత లేనిది' అని అమ్మినవాళ్లు ఉన్నారు. రాడ్ మూల దగ్గర లోహం రంగు ఒక్క చోటే వేరుగా ఉన్నా, కర్ర మీది ముద్ర చుట్టూ గీతలు పదునుగా ఉండి మిగతా కర్ర అరిగి ఉన్నా చేతిలోంచి కింద పెట్టేయడం మంచిది. నా లెక్కలో, డిపో ముద్రలతో కలగాపులగంగా ఉన్న గారండే ఎక్కువ నిజాయితీ గలది. అది నడిచి వచ్చిన దారి దాని మీదే రాసి ఉంటుంది.

అలంకారానికి కాకుండా కాల్చడానికి కొనేవాళ్లు చూసేది వేరు. గొట్టం అరుగుదల. మూతి దగ్గర, తూటా కూర్చునే గొంతు దగ్గర గేజ్ పెట్టి కొలుస్తారు. అంకె పెరిగేకొద్దీ అరుగుదల ఎక్కువన్నమాట. సీఎంపీ 'సర్వీస్ గ్రేడు' అనే నాణ్యత శ్రేణికి మూతి 3 లేదా అంతకన్నా తక్కువ, గొంతు 5 లోపు చూపాలి. తూటా విషయంలో కొత్తవాళ్లు తరచూ చేసే తప్పు, గారండ్‌కు పట్టే .30-06 రకంలోనే వేట కోసం అమ్మే బరువు గుండ్ల తూటాలు వాడటం. గారండ్ వాయు వ్యవస్థ 150 గ్రెయిన్ల (దాదాపు 10 గ్రాముల) గుండు ఉన్న సైనిక తూటాకు లెక్కగట్టింది. నెమ్మదిగా మండే మందు ఉన్న బరువైన తూటాలతో గొట్టం మూతి దగ్గర వాయుపీడనం ఎక్కువై రాడ్ వంగుతుంది. వంగిన రాడ్‌తో బోల్టు సరిగా ఆడదు. రుద్దుకుంటూ జరిగే భాగాలకు నూనె సరిపోదు, గ్రీజు పట్టించాలి. ఖాళీ రైఫిల్ మూసేటప్పుడు బోల్టు కింద బొటనవేలు చిక్కించుకోవడం ఎంత మామూలంటే దానికి 'ఎం1 బొటనవేలు' అని పేరే ఉంది. కుడి అరచేతి అంచుతో రాడ్ హ్యాండిల్‌ను వెనక్కి ఆపి పట్టుకుని, అప్పుడే వేలితో ఫాలోయర్ (తూటాలను పైకి నెట్టే పలక) నొక్కాలి.

కాఠ్మండూ ఆయుధాగారం

సినిమా ముందొచ్చి సరుకు నలభై ఏళ్లకు దొరికిన సందర్భమూ ఉంది. 1879 జనవరి 22, 23 తేదీల్లో దక్షిణాఫ్రికాలోని రోర్క్స్ డ్రిఫ్ట్ దగ్గర సుమారు 150 మంది బ్రిటిష్ సైనికులు జులు సైన్యాన్ని నిలువరించారు. ఆ ఒక్క పోరుకే 11 విక్టోరియా క్రాస్‌లు ఇచ్చారు. దాని మీద 1964లో 'జులు' సినిమా వచ్చింది. బ్రిటన్‌లో ఒక తరం మొత్తానికి మార్టినీ-హెన్రీ రైఫిల్ పేరు నేర్పింది అదే. అధికారుల చేతుల్లో 1915 నాటి వెబ్లీ రివాల్వర్లు కనిపిస్తాయని పట్టుకునే సేకర్తలు కూడా ఆ సినిమా చూసి పెరిగినవాళ్లే.

కింద లీవరు లాగితే లోపలి దిమ్మె దిగి ఒక్కో తూటా పెట్టుకునే రైఫిల్ మార్టినీ-హెన్రీ. 1871లో బ్రిటిష్ సైన్యంలోకి వచ్చింది. జులు యుద్ధంలో వాడింది మార్క్ 2 అనే దాని రెండో రూపం. బ్రిటన్‌లో దాని .577/450 తూటా వాడుక తప్పిన కొలతల జాబితాలో ఉంది కాబట్టి, గోడకు తగిలించుకునే పురావస్తువుగా లైసెన్సు లేకుండా ఉంచుకోవచ్చు. కాల్చాలనుకుంటే మాత్రం సర్టిఫికెట్టు కావాలి. అమెరికాలో 1898, అంతకుముందు తయారైనవాటిని ఫెడరల్ చట్టం తుపాకీగానే లెక్కించదు. చట్టం ఇంత సులువుగా ఉన్నా సరుకు పల్చగా ఉండేది.

2003లో ఇంటర్నేషనల్ మిలిటరీ యాంటిక్స్, అట్లాంటా కట్లరీ అనే రెండు అమెరికా సంస్థలు కాఠ్మండూలోని లగన్ సిలేఖానా అనే, ఒకప్పుడు నేపాల్‌ను ఏలిన రాణాల పాత భవనంలో పడి ఉన్న ఆయుధాలను కొన్నాయి. 50 వేలకు పైగా తుపాకులు. బ్రౌన్ బెస్, బ్రున్స్‌విక్, స్నైడర్ అనే పాత బ్రిటిష్ రకాలు, వాటితోపాటు మార్టినీలు. సినిమా చూసిన వాళ్లంతా అడిగింది 1870ల మార్క్ 2. వచ్చినవాటిలో 1880ల చివరి నాటి మార్క్ 4లు, నేపాల్‌లోనే చేతితో చేసిన నకళ్లు, జనరల్ గహేంద్ర శంషేర్ రాణా రూపొందించిన గహేంద్రలు కూడా బాగా ఉన్నాయి. మార్క్ 4 జులు యుద్ధం ముఖం చూడలేదు. గహేంద్ర ఉక్కు నాణ్యత మీద నమ్మకం లేక దాన్ని కాల్చవద్దనే అమ్మారు. అయినా కొనేవాళ్లు దొరికారు.

ఇలాంటి తుపాకీ ఇంటికి చేరితే మొదట చేయాల్సింది శుభ్రం చేయడం కాదు, లోపల మందు ఉందేమో చూడటం. మూతి నుంచి మందు దట్టించే పాతవాటిలో శతాబ్దం కిందటి మందు, గుండు అలాగే ఉండిపోయే అవకాశం ఉంది. చెక్క కడ్డీని గొట్టంలోకి చివరిదాకా దింపి మూతి దగ్గర గుర్తు పెట్టాలి. బయటికి తీసి గొట్టం పక్కన ఆనించి చూస్తే కడ్డీ కొస నిప్పు రంధ్రం దాకా రావాలి. రెండు మూడు అంగుళాలు ముందే ఆగిందంటే లోపల ఏదో ఉంది. అక్కడితో ఆపి తుపాకుల మెకానిక్కు దగ్గరికి తీసుకెళ్లాలి. మార్టినీకి ఈ బాధ లేదు, లీవరు దించితే లోపల కనిపిస్తుంది. కుడిపక్కన కన్నీటి బొట్టు ఆకారంలో ఉన్న చిన్న సూచిక అది ఎక్కుపెట్టి ఉందో లేదో చెబుతుంది.

తర్వాతిది గడ్డకట్టిన గ్రీజు. మైనంలా, తారులా పట్టి ఉంటుంది. కర్ర విప్పి లోహాన్ని వైట్ స్పిరిట్‌లో నానబెట్టి ప్లాస్టిక్ పలకతో గీకితే వస్తుంది. డ్రిల్లుకు తీగల బ్రష్ తగిలించి రుద్దినవాళ్లు గ్రీజుతోపాటు ముద్రలనూ పోగొట్టుకున్నారు. మరలు కదలకపోతే తుప్పు వదిలించే నూనె పోసి రోజుల తరబడి వదిలేయాలి, గాడికి సరిగ్గా సరిపోయే స్క్రూడ్రైవరే వాడాలి. పక్కన కిరీటం, విక్టోరియా రాణిని సూచించే వీఆర్ అక్షరాలు, ఎన్‌ఫీల్డ్ పేరు, సంవత్సరం ఒకవైపు. నేపాల్ సైన్యం దేవనాగరి అంకెల్లో కొట్టిన నంబర్లు ఇంకోవైపు. ఆ రెండూ ఒకే లోహం మీద ఉండటమే నేపాల్ సరుకు గుర్తు.

నకిలీలు కూడా ఆ రోజుల్లోనే పెరిగాయి. అఫ్గానిస్థాన్ బజార్ల నుంచి విదేశీ సైనికులు జ్ఞాపికగా తెచ్చుకున్న మార్టినీల్లో చాలావరకు ఖైబర్ కనుమ పల్లెల్లో కమ్మరులు చేసినవే. అక్షరాలు రాని చేతులు కొట్టిన ముద్రల్లో 'ఎన్' తిరగబడి ఉంటుంది, స్పెల్లింగు తప్పుతుంది. విక్టోరియా రాణి 1901 జనవరిలో చనిపోయింది. ఆమె ముద్ర కింద 1907 అని ఉంటే ఇంకేం చూడక్కర్లేదు. అలాంటి నకిలీని పేల్చడం మాత్రం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే.

2001 నాటి 'ఎనిమీ ఎట్ ది గేట్స్'తో రష్యన్ మోసిన్-నగాంత్‌కూ ఇదే జరిగింది. సోవియట్ కూటమి చెదిరాక చవగ్గా వచ్చిపడ్డ మామూలు రైఫిళ్లకు దుర్భిణి తగిలించి 'స్టాలిన్‌గ్రాడ్ స్నైపర్' అని అమ్మారు. అసలు స్నైపర్‌గా ఉండి తర్వాత మామూలుగా మార్చినవాటికి రిసీవర్ ఎడమపక్క పూడ్చేసిన రంధ్రాల ఆనవాళ్లు ఉంటాయి.

మన దగ్గర

అమెరికాలో ఉన్న తెలుగువాళ్లు తెలుసుకోవాల్సిన సంగతి ఒకటుంది. హెచ్1బీ వంటి తాత్కాలిక వీసాపై ఉన్నవాళ్లు తుపాకీ కలిగి ఉండటం ఫెడరల్ నేరం, చెల్లుబాటయ్యే వేట లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులు తప్ప. రేంజిలో అద్దెకు తీసుకుని పది గుళ్లు కాల్చినా 'కలిగి ఉండటం' కిందికే వస్తుంది. గ్రీన్‌కార్డు ఉంటే మామూలు డీలరు దగ్గర కొనొచ్చు, సీఎంపీలో కుదరదు.

ఇక స్వదేశం. 2015లో రెండో ప్రపంచ యుద్ధం నేపథ్యంగా 'కంచె' వచ్చింది. భారత సైనికుల చేతిలో లీ-ఎన్‌ఫీల్డ్ అనగానే ఇక్కడివాళ్లకు పోలీసు స్టేషన్ల 'త్రీనాట్ త్రీ' గుర్తుకొస్తుంది. ఉత్తరప్రదేశ్ పోలీసులు 2020 గణతంత్ర దినోత్సవం దాకా దాన్ని మోశారు. బెంగాల్‌లోని ఇషాపూర్ ఫ్యాక్టరీలో తయారైన ఆ రైఫిళ్లు అమెరికా సేకర్తల ఇళ్లలో బోలెడు. మన చట్టంలో మాత్రం .303 సైనిక తూటా పట్టే రైఫిల్ నిషిద్ధ వర్గం. 1959 ఆయుధ చట్టం 45వ సెక్షన్ పాతకాలపు తుపాకులకు ఇచ్చే మినహాయింపు కూడా, మరమ్మతు చేసినా పేలని వాటికే. పేలే స్థితిలో ఉంటే తాతల నాటిదైనా లైసెన్సు తప్పదు. 2019 సవరణ తర్వాత ఒకరి దగ్గర రెండుకు మించి ఉండకూడదు. వందేళ్లు దాటినది పురావస్తువు అయితే దేశం దాటించడానికీ వీల్లేదు. అందుకే 'కంచె' చూసి లీ-ఎన్‌ఫీల్డ్ మీద మనసు పడ్డ తెలుగు ప్రేక్షకుడికి గిడ్డంగీ లేదు, అంగడీ లేదు. పాత ఆయుధాలు చూడాలనిపిస్తే హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో ఆయుధాల గది ఉంది, అద్దం ఇవతలి నుంచి.