తప్పు చేయకపోతే భయమెందుకు? అమెరికా అనుమానాలపై అపోహలు, వాస్తవాలు

కాలిఫోర్నియాలో ఒక కమ్యూనిటీ కాలేజీలో 14 ఏళ్లుగా అమెరికా చరిత్ర చెబుతున్నాను. మొన్న ఒక గృహప్రవేశంలో భోజనాల దగ్గర ఒక పెద్దాయన ఫోన్ తీసి వాట్సాప్ ఫార్వర్డ్ చూపించారు. ఫలానా తేదీ నుంచి మన పిల్లల వీసాలన్నీ రద్దు చేస్తున్నారట. ఎవరు రాశారో లేదు, ఏ చట్టమో లేదు. ఇలాంటివి పుట్టించేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. పాపం ఆయన మాత్రం కొడుకు చదువుకి చేసిన అప్పు గుర్తొచ్చి అన్నం కలుపుతూనే ఉన్నారు, ముద్ద నోట్లోకి పోలేదు. పక్కనున్నాయన ధైర్యం చెప్పారు: "మనవాడు ఏ తప్పూ చేయలేదు కదండీ, భయమెందుకు?"

ఆ ఫార్వర్డ్ కంటే నన్ను ఎక్కువ కలవరపెట్టింది ఈ మాటే. ఎందుకంటే అమెరికాలో భయం పుట్టినప్పుడల్లా ఏ తప్పూ చేయనివాళ్ల మీద కూడా అనుమానం పడింది.

అపోహ: ఈ అనుమానాలన్నీ 9/11 తర్వాత వచ్చినవే.

కాదు. 1798లోనే, ఫ్రాన్స్‌తో యుద్ధం వస్తుందన్న భయంతో, పౌరసత్వం కోసం దేశంలో ఉండాల్సిన కాలాన్ని 5 ఏళ్ల నుంచి 14 ఏళ్లకు పెంచారు. 1850ల్లో ఐరిష్ కాథలిక్కులు, 1882లో చైనావాళ్లు, 1919-20లో విప్లవకారులన్న ముద్ర పడ్డ వలస కార్మికులు. మనిషి మారతాడు, అనుమానం అదే.

అపోహ: తప్పు చేయనివాళ్లకు ఏమీ కాదు.

ఎక్కువమందిని ముంచేది ఇదే. 1941 డిసెంబర్ 7న జపాన్ పెర్ల్ హార్బర్ మీద దాడి చేసింది. 1942 ఫిబ్రవరి 19న అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ 9066 నంబరు ఉత్తర్వు మీద సంతకం పెట్టారు. పశ్చిమ తీరంలో జపాన్ మూలాలున్న దాదాపు 1,20,000 మందిని ఇళ్లు ఖాళీ చేయించి ముళ్లకంచెల క్యాంపుల్లో పెట్టారు. వాళ్లలో మూడింట రెండొంతుల మంది అమెరికా పౌరులే. ఒక్కరికీ విచారణ లేదు. అక్కడి సైన్యాధికారి జనరల్ డెవిట్ ఏం రాశారో తెలుసా? ఇంతవరకు విధ్వంసం ఏదీ జరగలేదంటే, ఇక ముందు జరుగుతుందనడానికి అదే సూచన అని. క్లాసులో ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివిస్తాను. మొదటిసారి ఎవరూ నమ్మరు.

బాంబులు పడ్డ హవాయిలో మాత్రం ఇలా అందరినీ తరలించలేదు. అక్కడి జనాభాలో మూడో వంతు వాళ్లే, వాళ్లు లేకపోతే పనులు ఆగిపోతాయి. కాలిఫోర్నియాలో వాళ్ల పొలాల మీద కన్నేసినవాళ్లున్నారు.

ఒకసారి ఒక విద్యార్థిని వాళ్ల అమ్మమ్మ ట్యాగ్‌ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి తెచ్చింది. చిన్న అట్టముక్క, దాని మీద కుటుంబం నంబరు. బస్సెక్కేటప్పుడు కోటు గుండీకి కట్టారట. అప్పుడు ఆవిడకి ఏడేళ్లు. ముడి విప్పడం రాక దారం కత్తిరించి తీసినట్టున్నారు, ముడి అలాగే ఉంది. ఆ రోజు నేను పాఠం ముందుకు నడపలేకపోయాను.

దేశం పుట్టకముందు, 1692లో మసాచుసెట్స్‌లోని సేలంలో జరిగిన మంత్రగత్తెల విచారణల్లోనూ అంతే. అక్కడ మంత్రగత్తెలని ఎవరినీ తగలబెట్టలేదు, 19 మందిని ఉరితీశారు. చేతబడి చేశామని ఒప్పుకుని ఆ మాట మీద నిలబడ్డవాళ్లు బతికారు. చేయలేదన్నవాళ్లే ఉరికంబం ఎక్కారు.

అందుకే పిల్లలకు చెప్పేదొకటే: నోటీసు వస్తే "మనమేం చేయలేదు కదా" అని పక్కన పడేయకండి. కాగితాల కాపీలు ఇంకొకరి దగ్గర కూడా ఉంచండి. లాయర్ చూడకుండా దేనిమీదా సంతకం పెట్టకండి. క్యాంపుకి వెళ్లనన్న ఫ్రెడ్ కొరెమట్సు 1944లో సుప్రీంకోర్టులో ఓడిపోయారు. ప్రభుత్వం ఆధారాలు దాచిందని పాత ఫైళ్లలో బయటపడ్డాక, 1983లో ఆయన మీది శిక్ష కొట్టేశారు. 1988లో ప్రభుత్వం క్షమాపణ చెప్పి, బతికున్న ఒక్కొక్కరికి 20,000 డాలర్లు ఇచ్చేలా చట్టం చేసింది. క్యాంపుల ఉత్తర్వు వచ్చి అప్పటికి 46 ఏళ్లయింది.

అపోహ: కమ్యూనిస్టుల వేట మెకార్థీ ఒక్కడి పని.

సెనేటర్ మెకార్థీ వీలింగ్ అనే ఊళ్లో, ప్రభుత్వంలో ఉన్న కమ్యూనిస్టుల జాబితా ఇదేనంటూ కాగితం ఊపింది 1950లో. ప్రభుత్వ ఉద్యోగుల విధేయతను తేల్చమని అధ్యక్షుడు ట్రూమన్ ఉత్తర్వు ఇచ్చింది 1947లోనే.

అపోహ: పౌరసత్వం వచ్చేసిందిగా, ఇక టెన్షన్ లేదు.

1923లో భగత్ సింగ్ థింద్ కేసులో పౌరసత్వానికి అర్హులైన తెల్లవాళ్ల కోవలోకి భారతీయులు రారని సుప్రీంకోర్టు తేల్చింది. ఆ తర్వాత, అప్పటికే పౌరులైన మనవాళ్ల పౌరసత్వాలను కూడా రద్దు చేస్తూ వచ్చారు. మళ్లీ మనకు దారి తెరుచుకున్నది 1946లో.

అపోహ: అమెరికన్లంతా ఇంతే.

ఈ మాట ఒప్పుకోను. 1942లో కొలరాడో గవర్నర్ రాల్ఫ్ కార్, జపాన్ మూలాలున్న పౌరుల హక్కుల కోసం బహిరంగంగా మాట్లాడారు. ఆ ఏడాదే సెనేట్ ఎన్నికల్లో ఓడిపోయారు. 2017 ఫిబ్రవరిలో కాన్సస్ రాష్ట్రం ఓలేతాలోని ఒక బార్‌లో మన తెలుగు ఇంజినీరు ఒకరిని, ఇరాన్ వాడనుకుని ఒకడు కాల్చి చంపాడు. ఆ రాత్రి అదే బార్‌లో ఉన్న ఒక తెల్ల యువకుడు, ముక్కూ మొహం తెలియని మనవాళ్ల కోసం తుపాకీ ఉన్నవాడి వెంట పడ్డాడు. అతనికీ తూటా తగిలింది.