సిరంజిలో కనిపించే నల్లటి రక్తం చెడ్డది కాదు

అపోహ: సిరలోంచి తీసిన ముదురు రంగు రక్తం చెడ్డ రక్తం.

కావలిలోని మా ల్యాబులో ట్యూబులోకి రక్తం లాగగానే దాని రంగు చూసి "చెడ్డ రక్తమే గదా నాయనా, ఇంకాస్త తీసెయ్" అనే పెద్దలు తరచుగా వస్తుంటారు. నిజానికి ఆ రక్తంలో ప్రాణవాయువు కూడా అయిపోలేదు. విశ్రాంతిగా ఉన్న మనిషి సిరల రక్తంలో, ఆక్సిజన్‌ను మోసే ఎర్రకణాల ప్రోటీన్ హిమోగ్లోబిన్ ఇంకా 75 శాతం వరకు ఆక్సిజన్‌తో నిండే ఉంటుంది. అదే రక్తపు చుక్కను గాజు పలక మీద పలుచగా పరిస్తే, గాలి తగిలి కాసేపటికే రంగు తేలి ఎర్రబడుతుంది. సిరలు నీలంగా కనిపించడం చర్మం మీద పడే కాంతి చేసే మాయ మాత్రమే. నీలిరంగు రక్తమే చూడాలంటే మన తీరంలోని రొయ్యల గుంటలకు వెళ్లాలి: రొయ్య రక్తంలో ఆక్సిజన్‌ను మోసేది ఇనుము కాదు, రాగి ఉన్న హిమోసయనిన్.

అపోహ: వేలికి తగిలించే ఆక్సీమీటర్ 98 చూపిస్తే ఒంట్లో ఆక్సిజన్‌కు కొదవ లేదు.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఈ నమ్మకమే. ఆ అంకె, ఉన్న హిమోగ్లోబిన్‌లో ఎంత శాతం నిండిందో చెబుతుందే తప్ప, హిమోగ్లోబిన్ ఎంత ఉందో చెప్పదు. ఒక గ్రాము హిమోగ్లోబిన్ సుమారు 1.34 మి.లీ. ఆక్సిజన్‌ను పట్టుకుంటుంది కనుక, 100 మి.లీ. రక్తంలో 15 గ్రాములు ఉన్నవారిలో ఆ రక్తం దాదాపు 20 మి.లీ. మోస్తే, రక్తహీనతతో 7 గ్రాములకు పడిపోయిన గర్భిణి రక్తం 9 మి.లీ.కి కాస్త అటూ ఇటూగా మాత్రమే మోస్తుంది. ఇద్దరి వేళ్లకూ పరికరం 98 చూపించవచ్చు. రక్తంలోని ద్రవభాగమైన ప్లాస్మాలో నేరుగా కరిగే ఆక్సిజన్ 0.3 మి.లీ. మాత్రమే, దానితో ఆ లోటు తీరదు. మూసిన గదిలో బొగ్గుల కుంపటి పొగ పీల్చినవారి విషయంలో మోసం ఇంకా పెద్దది, ఎందుకంటే హిమోగ్లోబిన్‌కు కార్బన్ మోనాక్సైడ్ పట్టినా మామూలు ఆక్సీమీటర్ దానిని ఆక్సిజన్‌గానే లెక్కిస్తుంది.

అపోహ: కార్బన్ డయాక్సైడ్‌నూ హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను మోసే చోటే మోస్తుంది.

కార్బన్ డయాక్సైడ్‌లో సుమారు 70 శాతం బైకార్బొనేట్‌గా మారి ప్రయాణిస్తుంది. ఎర్రకణంలోని ఎంజైమ్ ఆ వాయువును నీటితో కలిపితే పుట్టే బైకార్బొనేట్ ప్లాస్మాలోకి వెళ్లి, బదులుగా క్లోరైడ్ లోపలికి వస్తుంది. ఊపిరితిత్తుల్లో ఇదంతా వెనక్కి తిరుగుతుంది. హిమోగ్లోబిన్ మోసే కొద్ది భాగమూ ఇనుము మీద కాక ప్రోటీన్ భాగానికి అంటుకుంటుంది.

కార్బన్ డయాక్సైడ్ వ్యర్థం మాత్రమే కాదు. కండ పనిచేసేకొద్దీ అది పెరిగి రక్తంలో ఆమ్లగుణం హెచ్చితే, హిమోగ్లోబిన్ అక్కడే ఆక్సిజన్‌ను మరింత వదులుతుందని డెన్మార్క్ శాస్త్రవేత్త క్రిస్టియన్ బోర్ 1904లో చూపించాడు. సూదికి ముందు పిడికిలి పదేపదే బిగించిన చేతి రక్తం మరింత నల్లగా రావడానికీ కారణం అదే.