మంచుమీద ఏ కాలు ఎంత మోస్తుంది

1970లలో ఫిన్లాండ్‌కు చెందిన పౌలి సీటోనెన్ కాళ్లకు స్కీలనే పొడవాటి సన్నని పలకలు కట్టుకుని మంచుమీద జారే సుదూర పందేలలో ఒక కొత్త అడుగు వేసేవాడు. ఒక స్కీని మంచులో ముందే చెక్కి ఉంచిన గాడిలో జారనిస్తూ, రెండో స్కీని ఏటవాలుగా బయటికి తిప్పి, దాని అంచుతో మంచును పక్కకు తన్నేవాడు. అమెరికాకు చెందిన బిల్ కోచ్ 1982లో ఇదే అడుగు ఆసరాతో ప్రపంచ కప్ గెలవడంతో, మంచుబాటల మీద ఎత్తుపల్లాలు దాటుతూ దూరాలు సాగే ఈ క్రాస్ కంట్రీ స్కీయింగ్ తీరే మారిపోయింది.

కాళ్ల బలం సమతూకం గురించి ఆలోచించేవారికి ఈ అడుగు మంచి పాఠం. ఇందులో ఒక కాలు మోస్తుంది, ఇంకో కాలు తోస్తుంది. గాడిలో ఉన్న కాలు మోకాలు కొద్దిగా వంచి, దేహభారాన్ని నిలకడగా పట్టి ఉంచాలి. బయటి కాలు తుంటి దగ్గరనుంచి విప్పారుతూ పిరుదు కండరాల బలమంతా మంచుకు అందించాలి. పక్క మార్చకుండా కిలోమీటర్ల తరబడి ఇలాగే సాగితే రెండు కాళ్లూ రెండు వేర్వేరు రకాలుగా అలసిపోతాయి.

ఆ తరువాత రెండు స్కీలనూ గాడి వదిలి, ఐస్ స్కేటింగ్‌లో లాగా ఎడాపెడా తోసే పద్ధతి వచ్చింది. రెండు స్కీలనూ గాడిలోనే ఉంచి అడుగులు వేసే సంప్రదాయ పద్ధతికీ దీనికీ వేర్వేరు పోటీలు పెట్టిన మొదటి ఒలింపిక్స్ 1988లో కాల్గరీలో జరిగాయి. రెండు కాళ్లూ వంతులవారీగా తోస్తాయి కనుక ఎక్కువతక్కువల చిక్కు తీరిపోయిందని అనిపిస్తుంది గాని, నిటారైన ఎత్తు ఎదురైనప్పుడు అది మళ్లీ వస్తుంది. అక్కడ స్కీయర్ చేతికర్రలు రెండింటినీ ఒక పక్క కాలు మంచును తాకే క్షణంలోనే గుచ్చుతాడు; ఒక చెయ్యి పైకి, ఇంకొకటి కిందికి ఉంటుంది. రెండో కాలు తోసే వంతు వచ్చేసరికి చేతుల సాయం ఉండదు. అలవాటైన పక్కనే ఎప్పుడూ కర్రలు వేసే స్కీయర్, బాట పక్కకు వాలి ఉన్నచోట రెండో పక్కకు మారవలసి వస్తే తడబడతాడు. ఈ తడబాటుకు కారణం బలం లోపమే కానక్కరలేదు, అభ్యాస లోపమూ కావచ్చు.

రెండు కాళ్ల బలంలో తేడాను కొలిచే పద్ధతులు ఉన్నాయి. ఒంటికాలిపై ఎగిరినప్పుడు కుడికాలు 30 సెంటీమీటర్లు, ఎడమకాలు 27 సెంటీమీటర్లు లేపితే తేడా 10 శాతం. మోకాలిని స్థిరమైన వేగంతో కదిలించే యంత్రంపై ఒకే కాలి తొడ ముందు కండరాల బలాన్నీ వెనుక కండరాల బలాన్నీ పోల్చితే, నెమ్మదైన వేగంలో వెనుకది ముందుదానిలో సుమారు 60 శాతం ఉండడం మామూలు. రెండు కాళ్ల మధ్య తేడా 10 నుంచి 15 శాతం దాటితే జాగ్రత్తపడాలని శిక్షకులు చెబుతుంటారు. ఈ గీతను శాసనంలా పట్టుకోవడం సరికాదని నా అభిప్రాయం, ఎందుకంటే ఒకే మనిషికి ఎగిరే పరీక్షలో కుడికాలు మేలనిపించి, యంత్రం మీద ఎడమకాలు మేలనిపించడం అరుదేమీ కాదు. ఒక్కరోజు తీసిన ఒక్క అంకెకన్నా, కొన్ని వారాలపాటు ఎప్పుడూ ఒకే పక్క తక్కువగా కనబడే తేడాకే విలువ ఎక్కువ. పాత మోకాలి గాయం ఉన్నవారి విషయంలో ఇది మరీ ముఖ్యం.

సంప్రదాయ పద్ధతిలో ఈ సమతూకం మరింత సున్నితమైనది. ఆ స్కీ మధ్యభాగం విల్లులా పైకి వంగి ఉంటుంది. మంచును పట్టుకునే మైనం పూసేది అక్కడే. దేహభారమంతా ఒక్క కాలిమీదికి పూర్తిగా వస్తేనే ఆ వంపు అణిగి మైనం మంచుకు తగులుతుంది, అదీ సెకనులో చిన్న భాగంపాటే. బలహీనమైన కాలిమీదికి బరువును సగమే మార్చే స్కీయర్‌కు ఆ పక్క స్కీ వెనక్కి జారిపోతుంది. చాలామంది దానికి మైనాన్ని తప్పుపడతారు.

అందుకే అభ్యాసంలో రెండు కాళ్లతో కలిపి బరువులెత్తడం ఒక్కటే చాలదు. బలమైన కాలు తనకు తెలియకుండానే రెండోదాని పని కూడా చేసేస్తుంది. ఒంటికాలి గుంజీలు, మెట్టెక్కడం, ఒక కాలిమీద ముందుకు వంగి లేవడం వంటివి బలహీనమైన పక్కతో మొదలుపెట్టి, బలమైన పక్కతోనూ అన్నిసార్లే చేయాలి. చెప్పులు విడిచి, ఒంటికాలిమీద నిలబడి కళ్లు మూసుకుంటే చీలమండ చుట్టూ నరాలు ఎంత వేగంగా సర్దుకుంటాయో పాదం కింద తెలుస్తుంది. మంచుమీద స్కీని నిటారుగా జారనిచ్చేది ఆ సర్దుబాటే. ఇక వేసవిలో చక్రాల స్కీలపై ఎత్తు ఎక్కేటప్పుడు, అలవాటులేని పక్కన కర్రలు గుచ్చుతూ సగం దూరం వెళ్లడం ఏ యంత్రమూ అక్కరలేని అభ్యాసం.