మంచు కింద లేక్ ట్రౌట్: నేను ప్రతి చలికాలం వినే అపోహలు, నాకు తెలిసిన వాస్తవాలు

డిసెంబరు వచ్చిందంటే నా ఫోను మోగడం మొదలవుతుంది. బ్రాంప్టన్, మిస్సిసాగా, మార్కమ్‌లలో ఉన్న తెలుగువాళ్లు చేస్తారు. "అన్నయ్యా, ఈసారి మమ్మల్ని కూడా మంచు మీదికి తీసుకెళ్లండి. పెద్ద ట్రౌట్ పట్టాలి" అంటారు. టొరంటోకు ఉత్తరాన గంట ప్రయాణంలో ఉండే సిమ్‌కో సరస్సు గడ్డకట్టగానే నా శనివారాలన్నీ దానికే పోతాయి. పదహారు చలికాలాలుగా ఇదే వరస.

నేను గోదావరి కాలువ గట్టు మీద వానపాము గుచ్చిన గాలం వేసి, బెండు ఎప్పుడు మునుగుతుందా అని చూస్తూ పెరిగినవాణ్ణి. ఆ చదువులో ఓపిక ఇక్కడా పనికొచ్చింది. మిగతాదంతా అడ్డమొచ్చింది. నాతో వచ్చేవాళ్లకూ అదే అడ్డు, అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: చలికి చేప అడుగున ముడుచుకుని పడుకుంటుంది. అందుకే గాలం అడుగునే ఉంచాలి.

కొర్రమీను, బొచ్చె లాంటి వెచ్చటి నీటి చేపలను చూసినవాళ్లకు ఈ ఊహ రావడం సహజం. లేక్ ట్రౌట్ సంగతి వేరు. పేరుకు ట్రౌట్ గానీ ఇది చార్ జాతి చేప, ధ్రువ ప్రాంతపు చేప ఆర్కిటిక్ చార్‌కు దగ్గర చుట్టం. చన్నీళ్లే దీనికి ఇల్లు. సుమారు 10 డిగ్రీలు, అంతకన్నా తక్కువ వేడి ఉన్న నీరు దీనికి హాయి. వేసవిలో సరస్సు పైభాగం వేడెక్కుతుంది కాబట్టి పాపం లోతుకు పోయి అక్కడే ఉండిపోవాల్సి వస్తుంది. అంటే దీనికి చెర వేసవిలోనే.

చలికాలంలో ఆ చెర తలుపు తెరుచుకుంటుంది. నీరు 4 డిగ్రీల దగ్గర అన్నిటికన్నా బరువుగా ఉంటుంది. అందుకే ఆ నీరు అడుగుకు చేరుతుంది, సున్నాకు దగ్గరగా ఉన్న నీరు మంచు కింద పైన తేలుతుంది. పైనుంచి కిందికి ఎక్కడ చూసినా ట్రౌట్‌కు పనికొచ్చే చల్లదనమే. ఇక అది 25 మీటర్ల లోతులో ఉండొచ్చు, ఆరు మీటర్ల రాతిగుట్ట మీదికి రావొచ్చు, నడి నీటిలో చిన్న చేపల గుంపు వెంట తిరుగుతూ ఉండొచ్చు. నీటి కింద చేపలను గీతలుగా చూపే సోనార్ యంత్రం తెర మీద మంచుకు నాలుగు మీటర్ల కింద గీత కనిపిస్తే, యంత్రం పాడైందనుకుని తట్టి చూసినవాళ్లను నేను చూశాను. యంత్రం బాగానే ఉంది, అక్కడ ఉన్నది చేపే.

కెంపెన్‌ఫెల్ట్ అఖాతంలో ఒడ్డు నుంచి కొద్ది దూరంలోనే నేల ఒక్కసారిగా జారిపోతుంది. సిమ్‌కోలో అన్నిటికన్నా లోతైన చోటు, సుమారు 41 మీటర్లు, ఈ అఖాతంలోనే ఉంది. నేను ఒకే లోతులో పది రంధ్రాలు వేయను. ఆ జారుడు వెంట, తక్కువ లోతు నుంచి ఎక్కువ లోతుకు, వరుసగా ఆరేడు వేస్తాను. ఆ రోజు చేప ఏ మెట్టు మీద ఉందో ఆ వరుసే చెబుతుంది. లోతులోకి పొడుచుకొచ్చిన రాతి కొన, నీట మునిగిన దిబ్బ, రెండు దిబ్బల మధ్య పల్లం, వీటి పక్కన అగాధం ఉంటే అక్కడ కనీసం గంట గడుపుతాను.

అపోహ: ఎర వేసి కదలకుండా కూర్చుంటే చేపే వస్తుంది.

నన్ను మొదటి రెండు చలికాలాలు ఖాళీ చేతులతో ఇంటికి పంపింది ఈ నమ్మకమే. చచ్చిన చేపను గాలానికి గుచ్చి, చేప లాగితే జెండా లేచే కర్రకు కట్టి వదలడం కూడా ఇక్కడ ఉన్న పద్ధతే, దానికీ చేపలు పడతాయి. సిమ్‌కోలో చలికాలం మనిషికి రెండు గాలాలు వేయవచ్చు కాబట్టి నేనూ ఒకటి అలా ఉంచుతాను. ఒంటారియో నిబంధన ప్రకారం గాలాన్ని వదిలి 60 మీటర్లు దాటి పోకూడదు, అది ఎప్పుడూ కంటికి కనబడుతూ ఉండాలి. కానీ నా పెద్ద చేపలు దాదాపు అన్నీ చేతిలో ఉన్న రెండో గాలానికే పడ్డాయి.

లేక్ ట్రౌట్ వెంటాడి తినే చేప. పారిపోయేదాన్ని చూస్తే ఆగలేదు. వీధికుక్క ముందు పరిగెత్తితే ఏమవుతుందో తెలుసు కదా, ఇక్కడా అదే సూత్రం. మెరిసే లోహపు స్పూన్ (చెంచా ఆకారపు ఎర) గానీ, తెల్లటి ట్యూబ్ జిగ్ (బరువు గాలానికి తొడిగిన మెత్తటి గొట్టం లాంటి ఎర) గానీ అడుగు తాకేదాకా వదిలి, రెండు మూడుసార్లు బురద లేచేలా కొడతాను. తర్వాత మీటరున్నర పైకి లేపి, కాస్త ఆడించి, ఆపుతాను. తెర మీద చేప గీత కనబడి ఎర వైపు లేస్తే, అప్పుడు చేతులు చెప్పే మాట వినకూడదు. చేతులు "ఆపు, అందనివ్వు" అంటాయి. ఆపితే చేప దగ్గరికొచ్చి, చూసి, వెళ్లిపోతుంది. ఎరను దాని దగ్గరికి దించితే ఇంకా అన్యాయం. ఏ చిన్న చేపైనా తనను తినేదానికి ఎదురువెళ్తుందా?

కాబట్టి పైకి చుట్టాలి. చేప వేగం పెంచితే మనమూ పెంచాలి. అది వెనకబడితే ఒక్క క్షణం తడబడినట్టు నటించి మళ్లీ పరుగు తీయాలి. అయినా తిరిగిపోతే రీలు వదిలి ఎరను సర్రున కిందికి జార్చి, చేపను దాటకముందే మళ్లీ లేపాలి. ఇరవై మీటర్ల లోతులో మొదలైన తరుము చాలాసార్లు మంచుకు రెండు మీటర్ల కింద కాటుతో ముగుస్తుంది. నిరుడు ఒకటి నా రంధ్రంలోనే కనబడింది. తల, తెరిచిన నోరు, తెల్లటి నోటి లోపలి భాగం, అంతే. నేను ఉలిక్కిపడి ఎరను నీళ్లలోంచి బయటికి లాగేశాను. పదహారేళ్ల అనుభవం అలా ఉంటుంది.

పొద్దున్నే వెళ్లాలా అని అడుగుతారు. తెల్లవారుజాము, సాయంత్రం మంచివే, కానీ మధ్యాహ్నం పన్నెండింటికి పడ్డవీ ఉన్నాయి. మాట్లాడకూడదా అని అడుగుతారు. ఆరు మీటర్ల నీటి మీద గెంతకండి, ఇరవై ఐదు మీటర్ల మీద పాటలు పాడుకోండి.

అపోహ: పెద్ద చేప కావాలంటే లావు దారం కావాలి.

నడి నీటిలో దారం చిక్కుకోవడానికి చెట్టూ లేదు, తుంగా లేదు. 15 పౌండ్ల అల్లిక దారం, దాని చివర మూడు మీటర్ల 10 పౌండ్ల ఫ్లోరోకార్బన్ (నీళ్లలో అంతగా కనబడని దారం) నాకు సరిపోయాయి. అల్లిక దారం సాగదు కాబట్టి పాతిక మీటర్ల కింద తగిలిన చిన్న తాకుడు కూడా చేతికి తెలుస్తుంది. రీలు బిగింపు మాత్రం వదులుగా ఉండాలి. కాటు పడేది చాలాసార్లు మన కాళ్ల కిందే కాబట్టి, ఆ మొదటి గుంజుడుకు లొంగే దారం చేతిలో ఉండదు. దానికి లొంగాల్సింది రీలే.

చేపలు తెగిపోయేది ఎక్కువగా రంధ్రం అంచు దగ్గర. మంచు అంచు గాజుపెంకులా కోస్తుంది. చేప పక్కకు లాగితే కర్ర కొనను నీళ్లలోకి దించేయాలి. అందుకే మంచు తొలిచే ఆగర్ (వడ్రంగి బరమాకు పెద్దన్న అనుకోండి) 8 అంగుళాలది కాక 10 అంగుళాలది మోసుకెళ్తాను. భుజం నొప్పే, కానీ పెద్ద చేప తలను రంధ్రంలోకి తిప్పేటప్పుడు ఆ రెండు అంగుళాల విలువ తెలుస్తుంది.

అపోహ: అతి పెద్ద లేక్ ట్రౌట్‌లు మంచు కిందే పడతాయి.

కాదు. గాలానికి పడ్డ ప్రపంచ రికార్డు చేప 72 పౌండ్లది, అంటే 32 కిలోలకు పైనే. అది 1995 ఆగస్టులో గ్రేట్ బేర్ సరస్సులో పడింది. 1961లో అథబాస్కా సరస్సులో వలకు 102 పౌండ్ల చేప చిక్కింది, అదీ ఆగస్టే. సిమ్‌కోలో అంతటివి ఉండవు. ఇక్కడ ఐదారు కిలోల చేప పడితే ఫొటో తీసుకుని ఊరంతా పంపుకోవచ్చు.

అపోహ: పక్కవాడి ట్రక్కు నిలబడింది కాబట్టి మంచు గట్టిదే. చప్పుడు వస్తే మాత్రం విరుగుతున్నట్టే.

ఈ రెండూ తలకిందులు. ముందు చప్పుడు గురించి. చలి ముదిరిన రాత్రి మంచు కుంచించుకుంటుంది, వ్యాకోచిస్తుంది, పగుళ్లు పరిగెడతాయి. దూరంగా ఫిరంగి పేలినట్టు, ఒక్కోసారి కాళ్ల కింద ఎవరో పెద్ద తీగను మీటినట్టు వినిపిస్తుంది. మొదటిసారి వచ్చిన ఒకాయన టీ ఫ్లాస్కు వదిలేసి ఒడ్డుకు పరిగెత్తారు. ఆ శబ్దం గట్టి మంచులోనే ఎక్కువ. నాకు భయం వేసేది మార్చిలో, మంచు ఏ చప్పుడూ లేకుండా మెత్తబడినప్పుడు.

ఇక మందం. కెనడా రెడ్ క్రాస్ చెప్పే లెక్క ప్రకారం ఒంటరిగా నడవడానికి 15 సెంటీమీటర్లు, మంచుబండి నడపడానికి 25 సెంటీమీటర్లు ఉండాలి. ఇది నిగనిగలాడే నీలపు మంచుకు. పాలలా తెల్లగా ఉన్నది, అంటే నీళ్లూ హిమమూ కలిసి గడ్డకట్టినది, దాదాపు సగం బలమే ఇస్తుంది. పైగా ఒకే సరస్సులో మందం ఒకేలా ఉండదు. లోతు తక్కువైన కుక్స్ అఖాతం ముందు గడ్డకడుతుంది. వేసవి వేడిని కడుపులో దాచుకున్న కెంపెన్‌ఫెల్ట్ ఆలస్యంగా కడుతుంది. కుక్స్‌లో జనం కూర్చున్నారు కదా అని ఇక్కడ దిగకూడదు. సిమ్‌కో నీరు కూచిచింగ్ సరస్సులోకి పారే అథర్లీ ఇరుకు దగ్గర ప్రవాహం వల్ల మంచును ఎప్పుడూ నమ్మలేం. అక్కడే నీటి అడుగున సుమారు ఐదు వేల ఏళ్ల కిందట ఆదివాసులు కర్రలు పాతి కట్టిన చేపల దడులు ఉన్నాయి. చేపలు ఎటు నడుస్తాయో తెలిసిన మనుషులు మనకన్నా ఎంత ముందున్నారో అనిపిస్తుంది.

నేను ఇనుప గునపంతో ముందు పొడుస్తూ నడుస్తాను. ఒక దెబ్బకు నీళ్లొస్తే వచ్చిన దారినే వెనక్కి. నీళ్లలో పడితే మంచులో గుచ్చి పట్టుకోవడానికి మెడలో మేకుల జత వేలాడుతుంది. ఎనిమిదేళ్ల కిందట ఒక పగులు దగ్గర నా కాలు తొడ దాకా దిగింది. ఆ రోజు గునపం బండిలోనే వదిలేశాను, తప్పు నాదే. మనిషి మొత్తం పడితే ఏమిటన్నది మానిటోబా విశ్వవిద్యాలయంలో చలి మీద పరిశోధన చేసే గోర్డన్ గీస్‌బ్రెక్ట్ మూడు అంకెల్లో చెబుతారు: 1, 10, 1. ఒక నిమిషం శ్వాస అదుపులోకి తెచ్చుకోవడానికి, పది నిమిషాలు చేతులు కాళ్లు పనిచేసే సమయం, స్పృహ తప్పడానికి ఒక గంట. అంటే పడగానే చచ్చిపోతామనుకుని కొట్టుకోకూడదు. ముందు ఊపిరి. తర్వాత వచ్చిన వైపే తిరిగి మేకులు గుచ్చి, కాళ్లతో ఈదుతూ పొట్ట మీద పాకి, పైకి వచ్చాక లేవకుండా దొర్లాలి.

గుడారంలో గ్యాసు పొయ్యి వెలిగిస్తే గాలి సందు తెరిచి ఉంచండి. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు.

అపోహ: లోతు నుంచి లాగిన చేపను వదిలినా బతకదు.

ఇదే సరస్సులో పడే పెర్చ్ అనే చిన్న చేప విషయంలో ఇది చాలావరకు నిజం. దాని గాలితిత్తికి బయటికి దారి లేదు, లోతు నుంచి లాగితే అది ఉబ్బిపోతుంది. లేక్ ట్రౌట్‌కు గాలితిత్తి నుంచి గొంతుకు ఒక గొట్టం ఉంటుంది. పైకి వస్తూ త్రేన్చినట్టు గాలి వదిలేస్తుంది. చేప కన్నా ముందు రంధ్రంలో బుడగలు లేస్తే అదే సంగతి.

దాన్ని చంపేది మన ఫొటో సరదా. మైనస్ 15 డిగ్రీల గాలిలో మొప్పలు, కళ్లు చూస్తుండగానే గడ్డకడతాయి. ఫోను ముందే సిద్ధం చేసుకుని, చేతులు తడిపి, పొట్ట కింద చేయి వేసి అడ్డంగా పట్టుకుని, ఊపిరి బిగబట్టినంతసేపట్లో నీళ్లలోకి పంపాలి. మంచు మీద పడుకోబెట్టి కొలత తీస్తే వదలడమన్న మాటకు అర్థం లేదు.

అపోహ: ఎంత పెద్దదైతే అంత రుచి.

ఈ చేప నెమ్మదిగా పెరుగుతుంది, ఉత్తరాది సరస్సుల్లో యాభై ఏళ్లు దాటి బతికినవీ ఉన్నాయి. అన్నేళ్లూ ఇతర చేపలను తిన్నది కాబట్టి పాదరసం దాని కండలో పోగవుతుంది. ఒంటారియో ప్రభుత్వం సరస్సు వారీగా, చేప పొడవు వారీగా నెలకు ఎన్నిసార్లు తినవచ్చో చెబుతుంది. పిల్లలను కనే వయసు స్త్రీలకు, 15 ఏళ్లలోపు పిల్లలకు పరిమితి వేరుగా ఉంటుంది. వండుకునే ముందు అది చూడండి.

పులుసుకైతే కిలో, కిలోన్నర చేప ఉత్తమం. కొవ్వు ఉన్న మాంసం కాబట్టి చింతపండు కాస్త ఎక్కువే పడుతుంది, నూనె తక్కువ చాలు. మా అమ్మ ఫోనులో ముక్క రంగు చూసి "ఇదేమిట్రా, క్యారెట్టులా ఉంది" అంది. రొయ్యల జాతి చిన్న పురుగులు తిన్న చేపకు ఆ రంగు వస్తుంది, చేపలనే తిన్నదానికి మాంసం పాలిపోయి ఉంటుంది. ముక్కలు వేశాక గరిటె పెట్టకండి, ఇది కొర్రమీను అంత గట్టిది కాదు.

అపోహ: సిమ్‌కోలో ఉన్నవన్నీ సర్కారు వదిలిన చేపలే, ఎన్ని పట్టినా ఫరవాలేదు.

ఒకప్పుడు దాదాపు అంతే. పొలాల నుంచి, ఊళ్ల నుంచి వచ్చిన భాస్వరంతో నాచు పెరిగింది. అది చచ్చి అడుగున కుళ్లుతూ, వేసవి చివరికి లోతు నీటిలో ప్రాణవాయువును తినేసింది. ట్రౌట్ పిల్లలు దాక్కునే చల్లటి చోటు అదే. 1960ల నుంచి సరస్సును నిలబెట్టింది హేచరీ (చేపపిల్లలను పొదిగించి పెంచే కేంద్రం) చేపలే. 2008లో సరస్సు కోసమే ప్రత్యేక చట్టం వచ్చింది. లోతు నీటిలో లీటరుకు 7 మిల్లీగ్రాముల ప్రాణవాయువు ఉండాలన్నది దాని కింద వచ్చిన ప్రణాళిక లక్ష్యం.

హేచరీ చేపకు ఒక రెక్క కత్తిరించి వదులుతారు. కాబట్టి పట్టిన వెంటనే, ఫొటోకన్నా ముందు, రెక్కలు లెక్కపెట్టండి. వీపు మీద తోకకు దగ్గరగా ఉండే చిన్న కొవ్వు రెక్కను మరిచిపోకండి, కొత్తవాళ్లు దాన్ని లెక్కలోకి తీసుకోరు. అన్నీ ఉంటే అది ఈ సరస్సు రాళ్ల సందుల్లోనే పుట్టింది. నా గుడారంలో అలాంటి చేపకు బకెట్టులో చోటు లేదు. ఈ జనవరిలో వచ్చేవాళ్లకు ఫోనులోనే చెప్పేస్తున్నాను, అక్కడికొచ్చాక బేరం పెట్టకండి.