వెర్మీర్ గదిలో తీగను ఎక్కడ మీటారు?

డచ్ చిత్రకారుడు యోహానెస్ వెర్మీర్ 1660ల్లో గీసిన 'సంగీత పాఠం' చిత్రంలో ఒక యువతి గోడకు చేర్చిన పొడవాటి పెట్టె ముందు అటు తిరిగి నిలబడి ఉంటుంది. ఆమె ముఖం పైన వేలాడే అద్దంలో కనిపిస్తుంది. ఆ అద్దం గురించీ, పక్కనున్న పెద్దమనిషి గురించీ కళాచరిత్రకారులు పేజీలకు పేజీలు రాశారు. వాద్యాలు తయారుచేసేవాళ్ల చూపు మాత్రం ఇంకోచోటికి పోతుంది. కీబోర్డు పెట్టెకు నడిమధ్యన లేదు, కుడిపక్కకు జరిగి ఉంది. ఈ ఒక్క ఆనవాలు చాలు, ఆ గదిలో ఎలాంటి నాదం వినిపించి ఉంటుందో చెప్పడానికి.

ఆ పెట్టెను వర్జినల్ అంటారు. తీగలను మీటి పలికించే కీబోర్డు వాద్యాలైన హార్ప్సికార్డ్ జాతిలో ఇళ్లకు సరిపోయే వాద్యం అది. చిత్రంలోది యాంట్‌వర్ప్ నగరానికి చెందిన రూకర్స్ కుటుంబం పనితనాన్ని పోలి ఉంటుంది. ఆ వంశానికి ఆద్యుడు హాన్స్ రూకర్స్. అతను 1579లో సభ్యుడిగా చేరిన సంఘం చిత్రకారులదే కావడం తమాషా. ఈ వాద్యాలను చూస్తే అందులో వింతేమీ కనిపించదు. లోపలి చెక్క మీద పూలు, పురుగులు గీస్తారు, చుట్టూ అచ్చువేసిన కాగితం అతికిస్తారు, మూత మీద లాటిన్ సూక్తి రాస్తారు. వెర్మీర్ చిత్రంలోని సూక్తికి అర్థం: సంగీతం ఆనందానికి తోడు, దుఃఖానికి మందు.

లోపలి యంత్రాంగం సులువైనదే. మెట్టు నొక్కితే దాని అవతలి కొస మీద నిలబడిన సన్నటి చెక్కపుల్ల పైకి లేస్తుంది. దీన్ని జాక్ అంటారు. దానికి గుచ్చిన ఈక మొన తీగను మీటుతుంది. ఈ మొన కాకి జాతి పక్షుల ఈకకాడ నుంచి చెక్కినది. వేలు తీసినప్పుడు జాక్ కిందికి దిగుతూ మళ్లీ తీగకు తగలాలి కదా? తగులుతుంది, కానీ మీటదు. మొనను పట్టుకున్న చిన్న చెక్క నాలుక వెనక్కి వాలి పక్కనుంచి జారిపోతుంది. దాన్ని తిరిగి యథాస్థానానికి తెచ్చే స్ప్రింగు ఒక పంది వెంట్రుక. ఆ వెంటనే జాక్ నెత్తిన ఉన్న గుడ్డముక్క తీగకు ఆని నాదాన్ని ఆపేస్తుంది.

ఇప్పుడు కీబోర్డు సంగతి. వర్జినల్‌లో తీగలు మెట్లకు అడ్డంగా, ఎడమ నుంచి కుడికి సాగుతాయి. కీబోర్డు ఎడమవైపున ఉంటే ఈకలు తీగ కొసకు దగ్గరగా మీటుతాయి. ఆ రకం పేరు స్పినెట్. కుడివైపున ఉంటే దాదాపు మధ్యలో మీటుతాయి. అది మ్యుసెలార్. వెర్మీర్ గీసినవి ఇవే. ఏ తీగైనా ఒకేసారి అనేక రకాలుగా కంపిస్తుంది: మొత్తం తీగ ఒక్కటిగా, రెండు సగాలుగా, మూడు భాగాలుగా, ఇంకా అలా. రెండు, నాలుగు, ఆరు భాగాలుగా కంపించేటప్పుడు తీగ నడిబిందువు కదలకుండా ఉండాలి. సరిగ్గా ఆ బిందువునే పట్టి లాగి వదిలితే ఆ కంపనాలు పుట్టనే పుట్టవు. మ్యుసెలార్‌లో మీటే చోటు కచ్చితంగా నడిమధ్యన ఉండదు కాబట్టి అవి పూర్తిగా పోవు, బాగా సన్నగిల్లుతాయి. మిగిలేది గుండ్రంగా, కాస్త డొల్లగా, వేణువుకు దగ్గరగా ఉండే నాదం. స్పినెట్‌లో పై కంపనాలన్నీ బలంగా ఉండి శబ్దం పదునుగా వస్తుంది. రెండింటి తీగలూ ఒకటే, చెక్కా ఒకటే. తేడా అంతా మీటే చోటులో ఉంది.

చాలా మ్యుసెలార్లలో మంద్రస్థాయి తీగల పక్కన జరపగలిగే ఒక పట్టీ, దానికి చిన్న లోహపు కొక్కేలు ఉండేవి. పట్టీని జరిపితే కంపించే తీగ కొక్కేనికి తగిలీ తగలనట్టు తగిలి జుమ్మంటుంది. మన తంబురాలో తీగ కింద దారం దూర్చి తెచ్చే ఝంకారం లాంటిదే.

ఈ అందానికి చెల్లించిన మూల్యమూ ఉంది. మంద్రస్థాయి జాక్‌లు శబ్దాన్ని పెంచే పలుచటి చెక్కకు నట్టనడుమ నిలబడి ఉంటాయి. వాటి టకటకలు కూడా పెద్దగా వినిపిస్తాయి. పైగా తీగ నడుమభాగమే అన్నిటికన్నా ఎక్కువగా ఊగుతుంది కాబట్టి, ఇంకా మోగుతున్న తీగను వెంటవెంటనే మీటడం కష్టం. క్విరినస్ వాన్ బ్లాంకెన్‌బర్గ్ అనే డచ్ సంగీతకారుడు 1739లో, ఈ వాద్యాలు మంద్రంలో పందిపిల్లల్లా గురగురలాడతాయని రాశాడు. మాట కటువుగా ఉన్నా, ఎడమచేతికి వేగం కోరే సంగీతం వచ్చాక మ్యుసెలార్ ఎందుకు వెనకబడిందో దాన్నిబట్టి అర్థమవుతుంది.

హార్ప్సికార్డ్ జాతి మొత్తానికి ఇంకో పరిమితి ఉంది. మెట్టును మెల్లగా నొక్కినా గట్టిగా నొక్కినా ఈక ఒంగి తీగను వదిలే దూరం దాదాపు మారదు, కాబట్టి శబ్దం హెచ్చదు, తగ్గదు. పుట్టిన నాదం కూడా తొందరగానే సన్నగిల్లుతుంది. గట్టిగా, మెల్లగా పలికించే పియానో ఇటలీలో 1700 ప్రాంతంలో గానీ రాలేదు. అప్పటిదాకా భావమంతా కాలంలోనే పలికించాలి: ఏ స్వరాన్ని ఎప్పుడు మొదలుపెట్టాలి, ఎంతసేపు పట్టి ఉంచాలి, దేన్ని గమకంతో అలంకరించాలి. ఆ కాలపు రచనల్లో కనిపించే అలంకారాలు ఆడంబరం కోసం పెట్టినవని కొందరు అంటారు. నాకలా అనిపించదు. ఆరిపోతున్న నాదాన్ని నిలబెట్టే ఉపాయాలవి.

ఆమ్‌స్టర్‌డామ్‌లో యాన్ పీటర్స్‌జోన్ స్వేలింక్ (1562–1621) ఒక పాట వరుస తీసుకుని, ఒక్కో విడతకూ స్వరాలను మరింత చిన్నవి చేస్తూ అల్లుకుపోయేవాడు. ఆయన నగరం జీతమిచ్చిన ఆర్గన్ వాద్యకారుడు. 1604లో ఆమ్‌స్టర్‌డామ్ నగరానికి హార్ప్సికార్డ్ కొనడానికి యాంట్‌వర్ప్ వెళ్లివచ్చాడు. వెర్మీర్ సమకాలికుడు, పారిస్‌కు చెందిన లూయీ కూపరాన్ ఇంకా ముందుకు వెళ్లాడు. స్వరాలకు కాలప్రమాణమే రాయని ప్రిల్యూడ్లు (ఆరంభ రచనలు) రాశాడు. ఏది ఎంతసేపు పట్టాలో వాయించేవాడి ఇష్టం. 1652లో బ్లాంక్‌రోషె అనే ల్యూట్ (వేళ్లతో మీటే తీగవాద్యం) వాద్యకారుడు మేడమెట్ల మీంచి పడి చనిపోతే అతని స్నేహితుడు ఫ్రోబర్గర్ ఒక విలాపగీతం రాశాడు. అది కింది స్వరాలకు జారుకుంటూ ముగుస్తుంది.

ఇక శ్రుతి సంగతి. ఈనాటి పియానోలో షడ్జమం నుంచి అంతర గాంధారానికి దూరం 400 సెంట్లు (ఒక స్థాయి మొత్తం 1200). శుద్ధంగా కలిసే గాంధారం 386 దగ్గర ఉంటుంది. ఆ కాలం వాళ్లకు ఆ శుద్ధ గాంధారమే కావాలి. దానికోసం ప్రతి పంచమాన్నీ సుమారు 5 సెంట్లు తగ్గించి శ్రుతి చేసేవారు. ఫలితంగా మామూలు స్వరకూటములు తేనెలా కలిసేవి. పంచమం మీద పంచమం పేర్చుకుంటూ తిరిగి మొదటికొచ్చే వలయం చివర మిగిలిన ఒక్క పంచమం మాత్రం 737 సెంట్లకు ఉబ్బి ఊళపెట్టేది. దానికి తోడేలు అని పేరు పెట్టారు. రచయితలు ఆ దిక్కుకు పోకుండా రాసుకునేవారు. ఈ శ్రుతిలో అర్ధస్వరాలు కూడా సమానం కావు, కొన్ని 76 సెంట్లు, కొన్ని 117. స్వేలింక్ 'క్రోమాటిక్ ఫాంటసియా' మొదట్లో అర్ధస్వరాల మీదుగా దిగే వరుసను ఈ శ్రుతిలో వినండి, తర్వాత పియానో మీద వినండి. మొదటిదాంట్లో ఒక్కో అడుగు ఒక్కో పొడవు, రెండోదాంట్లో అన్నీ ఒకేలా.

ఈ తోడేలును లెక్కలతో పట్టినవాడు క్రిస్టియాన్ హైగెన్స్. లోలకం గడియారం చేసినవాడు, వెర్మీర్ కంటే మూడేళ్లు పెద్ద, పుట్టింది వెర్మీర్ ఊరు డెల్ఫ్ట్ పక్కనున్న హేగ్‌లో. తండ్రి కాన్‌స్టాంటైన్ దౌత్యవేత్త, కవి, ల్యూట్ వాద్యకారుడు. ఫ్రాన్స్ హార్ప్సికార్డ్ విద్వాంసుడు షాంబోనియేర్‌తో ఉత్తరాలు నడిపినవాడు. ఒక స్థాయిని 31 సమభాగాలు చేస్తే అప్పటి శ్రుతికి దాదాపు సరిపోతుందని క్రిస్టియాన్ లాగరిథమ్‌లతో లెక్కకట్టి 1691లో ప్రచురించాడు. ఆ లెక్కలో పంచమం 696.8 సెంట్లు. వాద్యకారులు చెవితో కుదుర్చుకున్నది 696.6. తేడా ఏ చెవికీ అందదు. కాకపోతే స్థాయికి 31 తీగలు కావాలి, అన్ని మెట్లను ఏ చెయ్యి వాయిస్తుంది? దానికీ ఆయన దారి చెప్పాడు: మామూలు 12 మెట్ల కీబోర్డునే తీగల మీద పక్కకు జరిగేలా అమర్చి, ఏ రాగానికి కావలసిన తీగల మీదికి ఆ రాగానికి తోసుకోవడం.